ఇన్యో కౌంటీ: ఒక నగరం కొనేసిన నది

ఈరోజు ఎపిసోడ్‌కి ముందు ఒక చిన్న పని. ఫోన్‌లో మ్యాప్ ఓపెన్ చేసి, లాస్ ఏంజిలిస్‌కి ఉత్తరాన 395 హైవే పట్టుకుని పైకి వెళ్ళండి. లోన్ పైన్, ఇండిపెండెన్స్, బిగ్ పైన్, బిషప్ అని వరసగా చిన్న చిన్న ఊళ్ళు తగులుతాయి. ఇదే ఇన్యో కౌంటీ. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది అనుకోండి. విస్తీర్ణం 26 వేల చదరపు కిలోమీటర్ల పైమాటే, అంటే మన ఉమ్మడి అనంతపురం కంటే పెద్దది. జనాభా మాత్రం 2020 లెక్కల్లో 19 వేల చిల్లర. మన దగ్గర ఒక్కో మండలంలోనే ఇంతకంటే ఎక్కువ మంది ఉంటారు.

ఎందుకింత ఖాళీ అంటే, ఎడారి కదా అంటారు. అది సగం నిజమే. మిగతా సగం రిజిస్ట్రేషన్ కాగితాల్లో ఉంది.

ముందు నేల సంగతి చూద్దాం. పడమటి అంచున మౌంట్ విట్నీ, 4,421 మీటర్లు. తూర్పున డెత్ వ్యాలీలో బ్యాడ్‌వాటర్, సముద్రమట్టానికి 86 మీటర్లు కింద. గీత గీసి కొలిస్తే మధ్యలో 140 కిలోమీటర్లు కూడా లేదు. పసిఫిక్ నుంచి వచ్చే మేఘాలు సియెర్రా నెవాడా కొండలెక్కేలోపే ఖాళీ అయిపోతాయి. అందుకే కింద లోయలో వాన దాదాపు ఉండదు. కానీ కొండల మీద పడ్డ మంచు కరిగి వాగులై, ఓవెన్స్ నదిలో కలిసి, చివరికి ఓవెన్స్ సరస్సుకి చేరేది. సముద్రానికి దారి లేని సరస్సు అది. వాన లేని చోట నిండుగా పారే నది, ఈ కథకంతా మూలం అదే.

ఆ నీళ్ళని మొదట వాడుకున్నది పాయూట్ జనం. తెల్లవాళ్ళు రాకముందే బిషప్ దగ్గర కాలువలు తవ్వి, గడ్డలూ గింజలూ ఇచ్చే అడవి మొక్కలకి నీళ్ళు పెట్టేవాళ్ళు. 1861లో పశువుల మందలతో కాపర్లు దిగారు, మరుసటి ఏడే గొడవలు మొదలు. 1863లో సైన్యం వెయ్యి మంది దాకా పాయూట్లని నడిపించి దూరాన ఫోర్ట్ టెహోన్‌కి తరలించింది. చాలామంది తర్వాత తిరిగొచ్చారు, తమ నేల మీదే కూలీలుగా. 1866లో కౌంటీ ఏర్పడింది.

ఇక 1905కి వద్దాం. లాస్ ఏంజిలిస్ పెరుగుతోంది, నీళ్ళు చాలట్లేదు. అప్పుడు లోయ రైతులేమో కేంద్ర ప్రభుత్వం తమకి ప్రాజెక్టు కడుతుందని ఆశతో ఉన్నారు. ఆ శాఖ తరఫున అక్కడ పని చూస్తున్న జోసెఫ్ లిప్పిన్‌కాట్, అదే టైమ్‌లో లాస్ ఏంజిలిస్ నుంచి కూడా ఫీజు తీసుకున్నాడు! నగర మాజీ మేయర్ ఫ్రెడ్ ఈటన్ వచ్చి భూములకి బేరాలు పెడితే, ఇతను ప్రభుత్వ మనిషే అనుకుని చాలామంది రాసిచ్చేశారు. ఇది మనవాళ్ళు అనే కబ్జా కాదు. సంతకాలు జరిగాయి, డబ్బులు ముట్టాయి. కోర్టులో అడగడానికేమీ మిగల్లేదు, అసలు దెబ్బ అదే.

బీటెక్ చదివినవాణ్ణి కదా, ఆ కాలువకి మాత్రం సలాం కొట్టకుండా ఉండలేను. విలియం ముల్హాలండ్ 1913లో పూర్తి చేశాడు. పొడవు 233 మైళ్ళు, ఒక్క పంపు లేదు. లోయ ఎత్తులో ఉంది, నగరం పల్లంలో ఉంది. మధ్యలో గండి వస్తే పైపులోంచి నీళ్ళు కిందకి దిగి, తమ ఒత్తిడికి తామే అవతలి గట్టెక్కుతాయి.

1920లలో కరువొచ్చింది. నగరం మిగతా భూముల్ని కూడా కొనడం మొదలెట్టింది. 1924 మేలో లోన్ పైన్ దగ్గర కాలువని డైనమైట్‌తో పేల్చారు. నవంబర్‌లో జనం అలబామా గేట్లని ఆక్రమించుకుని, నీళ్ళని పాత నదిలోకి వదిలేశారు. ఆడవాళ్ళు, పిల్లలు కూడా వచ్చారు. అక్కడే వంటలు, పాటలు, మన తిరునాళ్ళ లాగే. నాలుగు రోజులు సాగింది. తర్వాత 1927లో రైతుల పక్షాన నిలబడ్డ వాటర్‌సన్ సోదరుల బ్యాంకులు కుప్పకూలాయి. డిపాజిటర్ల డబ్బు దారి మళ్ళించారని తేలి అన్నదమ్ములిద్దరూ జైలుకెళ్ళారు. ఉద్యమం అక్కడితో సరి.

మాన్జనార్ అనే ఊరు చూడండి. స్పానిష్‌లో ఆపిల్ తోట అని అర్థం. నగరం కొన్నాక ఊరు ఖాళీ అయింది. 1942లో సైన్యం అదే నేలని లీజుకి తీసుకుని, జపాన్ మూలాలున్న పది వేల మందిని ముళ్ళకంచె వెనక పెట్టింది. ఎక్కువ మంది అమెరికా పౌరులే. ఎండిపోతున్న ఆ పాత పండ్ల చెట్లకి నీళ్ళు పోసి మళ్ళీ కాయించింది ఆ బందీలే.

సరస్సు 1926కల్లా దాదాపు ఎండిపోయింది. అడుగున మిగిలిన ఉప్పు మట్టి గాలికి లేచి, కొన్ని దశాబ్దాల పాటు అమెరికాలోనే అతి పెద్ద దుమ్ము కేంద్రాల్లో ఒకటైంది. ఆ దుమ్ము అణచడానికి నగరం ఇప్పటికి 200 కోట్ల డాలర్లకి పైగా ఖర్చు పెట్టింది. అందులో చాలా చోట్ల చేసే పని ఏంటో తెలుసా? సరస్సు మీద నీళ్ళు చల్లడం!

ఇంకో మాట. నగరం కొన్నది కాబట్టే ఆ లోయలో మాల్స్ రాలేదు, అపార్ట్‌మెంట్లు రాలేదు, అందుకే అంత అందంగా ఉంది అనేవాళ్ళున్నారు. ఫొటోలకి బాగుంటుంది, ఒప్పుకుంటా. కానీ తమ ఊరు ఎదగాలో వద్దో తేల్చే అధికారం 300 కిలోమీటర్ల అవతల ఉన్న ఆఫీసుకి పోవడం నాకు అందంగా అనిపించదు.

పాయూట్లకి 1939లో భూముల మార్పిడి జరిగింది. వాళ్ళ చెదురుమదురు నేలలు నగరం తీసుకుని, బదులుగా బిషప్, బిగ్ పైన్, లోన్ పైన్ దగ్గర స్థలాలిచ్చింది. నీటి హక్కు మాత్రం ఇవ్వలేదు. అది వదులుకోవాలంటే నగర ఓటర్లలో మూడింట రెండొంతుల మంది ఒప్పుకోవాలని లాస్ ఏంజిలిస్ చార్టర్‌లో ఉంది. ఆ హక్కు లెక్క ఇంకా తేలలేదు.