చాకలిపద్దుకి చాలినంత చదువు

"ఆడపిల్లకి పెద్ద చదువులెందుకు? చాకలిపద్దు రాసుకోవడం, ఉత్తరంముక్క చదువుకోవడం వస్తే చాలదూ!" తెలుగు మధ్యతరగతి ఇళ్ళలో తరాల తరబడి వినిపించిన మాట ఇది. దీన్ని చదువుకి అడ్డం పడే మాటగానే మనం గుర్తుపెట్టుకున్నాం. కొంచెం ఆగి చూస్తే ఇది చదువు వద్దనే మాట కాదు. ఎంత చదువు, ఎవరి అవసరానికి అని కొలత వేసే మాట. ఆ కొలత సరిగ్గా మూడో తరగతి దగ్గరో నాలుగో తరగతి దగ్గరో ఆగుతుంది. ఇంకో సంగతి కూడా ఉంది. ఆ సామెతలో చదువుకునే పిల్ల బట్టలు వేసే ఇంటి పిల్ల. బట్టలు ఉతికే ఇంటి పిల్ల అందులో చదువరిగా లేదు, పద్దులో అంకెగా మాత్రమే ఉంది.

స్త్రీవిద్య చరిత్రని మనం ఎక్కువగా బడి గుమ్మం దగ్గర నిలబడి రాశాం. తలుపు ఎవరు తెరిచారు, ఎవరు మూశారు, మొదట లోపలికి వెళ్ళింది ఎవరు అన్నవి మన ప్రశ్నలు. అవి అవసరమైన ప్రశ్నలే. కానీ గుమ్మం దాటిన ఆ అయిదారేళ్ళ పిల్ల లోపల ఎక్కడ కూర్చుంది? ఏ అక్షరాలు దిద్దింది? అవి అర్థమయ్యేలా ఎవరైనా చెప్పారా? ఎన్నేళ్ళు కూర్చోనిచ్చారు? ఒకటి నుంచి మూడు నాలుగు తరగతుల లోపలి చరిత్ర మనకి తక్కువ. ఆడపిల్లల చదువు ఎంతవరకన్న నిర్ణయం చాలాసార్లు ఆ గదిలోనే జరిగింది.

పాత లెక్కతో మొదలుపెడదాం. థామస్ మన్రో మద్రాసు గవర్నరుగా 1822లో కలెక్టర్లందరినీ తమ జిల్లాల్లోని బడుల వివరాలు పంపమన్నాడు. 1826 మార్చిలో అతను రాసిన మినిట్ ప్రకారం ప్రెసిడెన్సీలో 12,498 బడులు, 1,88,650 మంది పిల్లలు ఉన్నారు. అందులో మగపిల్లలు 1,84,110. మిగిలిన 4,540 మందే ఆడపిల్లలు. దీనికి మన్రో చెప్పిన కారణం గమనించదగ్గది. బ్రాహ్మణ స్త్రీలకీ, సాధారణంగా హిందూ స్త్రీలకీ అక్షరాలు నిషిద్ధమనీ, అవి ఆడదాని అణకువకి తగవనీ, నాట్యగత్తెలకి మాత్రమే చెల్లుతాయనీ జనం అనుకుంటారని రాశాడు. రాచవారు మొదలైన కొన్ని కులాల ఆడవాళ్ళకి చదవడం నేర్పుతారని కూడా చేర్చాడు. అంటే అక్షరం వచ్చిన ఆడదాన్ని చూడగానే ఆమె శీలం ప్రశ్నగా మారే పరిస్థితి. బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో ముద్దుపళని కావ్యాన్ని అచ్చు వేసినప్పుడు చెలరేగిన గొడవకి వేర్లు ఇంత లోతున ఉన్నాయి.

అదే సర్వేలో బళ్ళారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ 1823 ఆగస్టులో పంపిన నివేదిక మనల్ని తరగతి గది లోపలికి తీసుకెళుతుంది. తెలుగు వ్యాకరణం రాసిన క్యాంప్‌బెల్ ఇతనే. ఇప్పటి అనంతపురం ప్రాంతం అప్పుడు బళ్ళారి జిల్లాలోదే. జిల్లాలో 533 బడులుంటే అందులో 226 తెలుగు బడులు. మొత్తం 6,641 మంది పిల్లల్లో ఆడపిల్లలు అరవై మంది. నూటికి ఒకరు కూడా లేరు.

ఆ బడి ఎలా నడిచేదో అతను వివరంగా రాశాడు. అయిదో ఏట వినాయకుడి పూజతో అక్షరాభ్యాసం. వేలితో ఇసుకలో దిద్దడం, ఆ తర్వాత పలకలూ ఆకులూ. పెద్ద పిల్లలు చిన్న పిల్లలకి చెప్పడం. ఉదయం ఆరు గంటలకే బడి. మొదట వచ్చినవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవాళ్ళు. రెండోవాడికి సున్న. మూడోవాడికి ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆ తర్వాత వచ్చేవాళ్ళకి ఒక్కొక్కటి ఎక్కువ. చదవని పిల్లల్ని తాడుతో దూలానికి వేలాడదీయడం, కూర్చుని లేపించడం కూడా అతను చెప్పాడు. మన పెద్దవాళ్ళు కోదండం, గుంజిళ్ళు అని చెప్పుకున్నవి ఇవే. ఇంత కష్టపడి పిల్లలు నేర్చుకునేది అర్థం తెలియని గ్రాంథిక పద్యాలు. చిలక పలికినట్టు పలుకుతారు, అర్థం అడిగితే చెప్పలేరు అని అతని ఫిర్యాదు.

ఈ నివేదికని వలస పాలకుడి అహంకారమని కొట్టిపారేయడానికి లేదు. బడులు మూతపడటానికి పేదరికమే కారణమనీ, ఇంగ్లీషు మిల్లుబట్ట వచ్చి చేతివృత్తులవాళ్ళ ఆదాయం పడిపోయిందనీ, పిల్లల కాళ్ళూ చేతులూ పనికి కాస్త అక్కరకి రాగానే తల్లిదండ్రులు వాళ్ళని పనిలో పెట్టక తప్పడం లేదనీ రాసింది కూడా ఈ క్యాంప్‌బెల్లే. అలాగే ఆ బడిని మన పూర్వీకుల స్వర్ణయుగంగా మురిసిపోవడానికీ లేదు. ఆ అరవై మంది ఆడపిల్లల్ని తలుచుకుంటే నాకు ముందుగా గుర్తొచ్చేది ఆ దెబ్బల వరసే. తెల్లవారుజామున ముందుగా బడికి రాగలిగేది ఎవరు? వాకిలి ఊడ్చి, నీళ్ళు తెచ్చి, తమ్ముణ్ణి ఎత్తుకుని రావలసిన పిల్ల చేతిలో సరస్వతి పేరు ఎన్నిసార్లు పడి ఉంటుంది? ఈ ప్రశ్న 1823తో అయిపోలేదు.

వీరేశలింగం ధవళేశ్వరంలో బాలికల పాఠశాల పెట్టింది 1874లో. స్త్రీవిద్యని వ్యతిరేకించిన కొక్కొండ వేంకటరత్నం పంతులుతో ఆయన పత్రికాయుద్ధం చేసిన కాలం అది. 'వివేకవర్ధని' మొదలైంది కూడా ఆ ఏడే. అదే 1874లో పుట్టిన భండారు అచ్చమాంబ బడి మొహం చూడలేదు. చిన్నతనంలోనే పెళ్ళయింది. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుకుంటుంటే అతనితోపాటు అక్షరాలు నేర్చుకుని, 1901లో 'అబలా సచ్చరిత్ర రత్నమాల' తెచ్చింది. తెలుగులో స్త్రీల చరిత్రని స్త్రీ రాసిన తొలి పుస్తకం, ఏ తరగతి గదీ తయారుచెయ్యని రచయిత్రి చేతిలోంచి వచ్చింది. ఆమె తమ్ముడి పలక అంచున కూర్చుని నేర్చుకుంది. అయితే ఆమెకి 'ఇంతవరకు చాలు' అని గీత గీసిన సిలబస్ కూడా లేదు.

బడి వైపు చూస్తే ఆ గీత చట్టబద్ధంగానే వచ్చింది. 1882 నాటి హంటర్ విద్యా కమిషన్ ఆడపిల్లల ప్రాథమిక పాఠశాలలకి ప్రోత్సాహం, గ్రాంట్లు, స్త్రీ ఉపాధ్యాయులు కావాలంది. ఉపాధ్యాయుల భార్యలకీ వితంతువులకీ ఆ ఉద్యోగం ఇవ్వమంది. అదే నోటితో ఆడపిల్లల బడుల్లో పాఠాల స్థాయి మగపిల్లల బడుల కంటే తేలికగా ఉండాలనీ, గృహజీవిత అవసరాలకి తగ్గట్టు ఉండాలనీ సిఫారసు చేసింది. సంస్కర్తల వాదన కూడా దీనికి దూరంగా లేదు. చదువుకున్న తల్లి బిడ్డల్ని బాగా పెంచుతుంది, చదువుకున్న భార్య భర్తకి తోడవుతుంది. తలుపు తెరవడానికి ఆ వాదన పనికొచ్చింది. గది ఎంత ఉండాలో కూడా ఆ వాదనే తేల్చింది. చాకలిపద్దు సామెతకి ప్రభుత్వ భాషలో రాసిన ప్రతి ఇది.

ఆ కొలతలో అసలే లేని పిల్లల మాటేమిటి? నిజాం రాజ్యంలో ప్రభుత్వ బడి భాష ఉర్దూ. అక్కడ 1910లో భాగ్యరెడ్డి వర్మ హైదరాబాదు ఇసామియా బజారులో దళితుల పిల్లలకి తెలుగు బడి తెరిచాడు. జోగిని ఆచారానికి వ్యతిరేకంగా పోరాడింది కూడా ఆయనే. ఈ రెంటినీ విడివిడిగా చూడకూడదు. తలరాత ముందే రాసిపెట్టి ఉన్న పిల్లకి ఒకటో తరగతి వేరే అర్థంలో కనిపిస్తుంది. 1928లో మాడపాటి హనుమంతరావు హైదరాబాదులోనే పెట్టిన ఆంధ్ర బాలికోన్నత పాఠశాల, తెలుగులో మొదలుపెట్టిన ఆడపిల్ల పై తరగతులు కూడా తెలుగులోనే చదవగలిగే దారి చూపింది. సొంత భాషలో ఓనమాలు దిద్దినా ముందుకి మెట్టు లేకపోతే, ఆ చదువు కూడా 'చాలినంత' దగ్గరే ఆగిపోతుందని గ్రహించినవాళ్ళు వాళ్ళు.

అప్పటికి మొత్తం దేశంలో పరిస్థితి ఏమిటి? 1929లో హార్టాగ్ కమిటీ ఒక లెక్క చెప్పింది. 1922-23లో ఒకటో తరగతిలో ఉన్న ప్రతి వందమంది పిల్లల్లో 1925-26 నాటికి నాలుగో తరగతికి చేరింది 18 మంది. ఆడపిల్లల విషయంలో పరిస్థితి ఇంకా అన్యాయంగా ఉందని కూడా ఆ కమిటీయే అంది. తక్కిన ఎనభై రెండు మంది బడికి 'వెళ్ళినవాళ్ళే'. చేరికల చరిత్ర రాస్తే లోపల ఉంటారు, చదువు చరిత్ర రాస్తే బయట ఉంటారు.

స్వాతంత్ర్యం వచ్చాక ఈ కొలతని నేరుగా ప్రశ్నించినవాళ్ళు స్త్రీలే. దుర్గాబాయి దేశ్‌ముఖ్ తన పద్నాలుగో ఏడు ప్రాంతంలోనే కాకినాడలో ఆడవాళ్ళకి హిందీ నేర్పే పాఠశాల నడిపింది. ఆమె అధ్యక్షతన 1958-59లో పనిచేసిన జాతీయ కమిటీ ప్రాథమిక దశలో ఆడా మగా కలిసి చదవడాన్నీ, బడుల్లో స్త్రీ ఉపాధ్యాయుల్ని పెంచడాన్నీ కోరింది. తర్వాత హంసా మెహతా కమిటీ 1964లో, ఆడపిల్లలకి వేరే పాఠ్యప్రణాళిక ఉండాలన్న ఆలోచననే తోసిపుచ్చింది. 1882 సిఫారసుకి జవాబు రావడానికి ఎనభై రెండేళ్ళు పట్టింది.

కాగితం మీద జవాబు వచ్చింది. గదిలోకి వచ్చిందా? తొంభైల్లో నేను చదువుకున్న ఊరి ప్రాథమిక పాఠశాలలో అయిదు తరగతులు, రెండు గదులు. ఒక్క టీచరే వచ్చే రోజులు ఎక్కువ. ప్రతి బడికీ కనీసం ఇద్దరు ఉపాధ్యాయులు, వీలైనంత వరకు వాళ్ళలో ఒకరు స్త్రీ అని 1987లో ఆపరేషన్ బ్లాక్‌బోర్డు చెప్పిన తర్వాతి కాలం ఇది. పొద్దున్నే గదులు ఊడ్చేది, కళ్ళాపి చల్లేది, కుండలో నీళ్ళు పోసేది ఆడపిల్లలం. గంట కొట్టేది, హాజరుపట్టీ మోసేది మగపిల్లలు. సార్ పైతరగతులకి లెక్కలు చెప్తుంటే ఒకటో తరగతి పిల్లల్ని కూర్చోబెట్టి గుణింతాలు పలికించే పని మూడో తరగతి అమ్మాయికి పడేది. పెద్ద పిల్లలు చిన్నవాళ్ళకి చెప్పే ఆ పద్ధతిని క్యాంప్‌బెల్ మెచ్చుకున్నాడు. కానీ అప్పుడు ఆ మూడో తరగతి అమ్మాయి తన పాఠం ఎప్పుడు చదువుకుంటుంది? ఆమె చేస్తున్నది ఇంట్లో చెల్లెల్ని చూసుకునే పనే. బడి దానికి గది మాత్రం మార్చింది.

మొదటి వాచకం ఏం చెయ్యగలదో తెలుసుకోవాలంటే చిన్నపిల్లల గది దాటి కొంచెంసేపు పెద్దవాళ్ళ రాత్రిబడికి వెళ్ళాలి. నెల్లూరు జిల్లాలో అక్షరదీపం కార్యక్రమంలో ఓనమాలు నేర్చుకున్న స్త్రీల చేతికి వచ్చిన వాచకంలో సీతమ్మ కథ ఉంది. సారా వల్ల బతుకు చితికిన ఆడదాని కథ అది. దాన్ని చదివిన, విన్న దూబగుంట ఆడవాళ్ళు సారా దుకాణం మీదికి నడిచారు. 1992 నాటికి అది రాష్ట్రమంతా పాకిన ఉద్యమమైంది. ఒక్క పాఠమే ఉద్యమం తెచ్చిందని నేననను. సారా పెట్టిన బాధ అంతకుముందే ఉంది. కానీ ఇప్పుడే అక్షరాలు పట్టుబడుతున్న మనిషికి తన బతుకే ఆ అక్షరాల్లో కనపడితే చదువు చిలకపలుకు కాకుండా పోతుందని ఆ పాఠం రుజువు చేసింది. మరి అయిదేళ్ళ పిల్ల వాచకంలో ఆమె బతుకు ఎక్కడుంది? దశాబ్దాల పాటు మన వాచకాల బొమ్మల్లో అమ్మ వంట చేస్తూ, నాన్న పేపరు చదువుతూ ఉండేవారు. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం వచ్చాక ఆ బొమ్మల మీద చర్చ జరిగింది, చాలావరకు మారాయి. బొమ్మల్లో నాన్న కూరగాయలు తరగడం మంచిదే. కానీ పొలం పనికి వెళ్ళే అమ్మ, ఇటుక బట్టీకి వలసపోయే అమ్మ, ఆమెతోపాటు బడి మానేసి వెళ్ళే పిల్ల పాఠంలోకి రావడం ఇంకా అరుదే.

ఇప్పుడు ఒకటో తరగతిలో ఆడా మగా చేరికల తేడా దాదాపు పోయింది. ఇది ఎందరో స్త్రీలు సాధించిన విజయం. కానీ 2022 అసర్ సర్వేలో, దేశవ్యాప్తంగా మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్ళు నూటికి 20.5 మంది. హార్టాగ్ కమిటీ కొలిచింది బడిలో మిగలడాన్ని, ఇది కొలిచింది చదవగలగడాన్ని. రెండూ ఒకటి కావు. మునుపు పిల్లలు బడి బయటికి జారిపోయారు, ఇప్పుడు గదిలోపలే జారిపోతున్నారు. కోవిడ్‌లో బడులు మూసినప్పుడు ఒకటి, రెండు తరగతులు గదిలో కూర్చోకుండానే దాటినవాళ్ళు కూడా వీళ్ళలో ఉన్నారు. డబ్బు కూడబెట్టి కొడుకుని ప్రైవేటు ఇంగ్లీషు బడికీ, కూతుర్ని ప్రభుత్వ బడికీ పంపే ఇళ్ళు మనకి తెలియనివి కావు. ఆ ఇంట్లో 'చాలినంత' కొలత ఇంకా బతికే ఉంది. తల్లి కూడా పథకాల్లోకి తిరిగి వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో అమ్మఒడి, 2025లో తల్లికి వందనం, బిడ్డని బడికి పంపినందుకు ఆమె ఖాతాలో డబ్బు వేశాయి. ఆ డబ్బు ఆమెకి అవసరమే. కానీ బిడ్డ పలక మీద ఏం రాస్తోందని బడిని అడిగే అధికారం ఆ ఖాతాతోపాటు రాలేదు.

సాహిత్యం చదివేవాళ్ళం, రాసేవాళ్ళం మనం ఇందులో చెయ్యగలిగింది ఒకటుంది. మన ఆత్మకథల్లో పెళ్ళి ఉంటుంది, ప్రసవం ఉంటుంది, ఉద్యమం ఉంటుంది. ఒకటో తరగతి ఒక వాక్యంలో దాటిపోతుంది. ఆ వాక్యం దగ్గర ఆగాలి. మన తల్లుల్ని, మన ఇళ్ళలో పనిచేసే స్త్రీలని, చదువు మానేసిన మన క్లాసు పిల్లల్ని అడగాలి. ఎక్కడ కూర్చోబెట్టారు, ఎవరు ఊడ్చారు, ఏ పాఠం దగ్గర ఆపేశారు, ఎవరు చాలన్నారు? అవన్నీ రాసుకుంటే, పద్దులో అంకెగా మిగిలిపోయిన ఆ పిల్ల కూడా తన బడి సంగతి తన నోటితో చెప్పగలుగుతుంది.