పిడికిలికి తగ్గ గడ

40 మిల్లీమీటర్ల వ్యాసమున్న పోల్‌ని పట్టుకుంటే నా నడివేలు చుట్టూ తిరిగొచ్చి బొటనవేలి గోరు మీద ఆనుతుంది. 45 అయితే రెండు వేళ్ల కొసలూ తగిలీ తగలనట్టు ఉంటాయి. 50 దగ్గర అవి కలవనే కలవవు, మధ్యలో ఇంకో వేలు పట్టేంత జాగా మిగిలిపోతుంది. ఇంట్లో 40 పోల్ మీద ఏడాదిపాటు పోల్ డ్యాన్స్ సాధన చేసి, మొదటిసారి 50 పోల్ ఎక్కబోయిన రోజు రెండో పట్టుకే జారి కిందికి వచ్చేశాను. బలం తగ్గలేదు, నేర్చుకున్నదేదీ మరిచిపోలేదు. చేతికి కొత్త కొలత తగిలిందంతే. లెక్క వేసి చూస్తే 40 పోల్ చుట్టుకొలత 12.6 సెంటీమీటర్లు, 50 పోల్‌ది 15.7. ఈ కొలతలు అసలు ఎక్కడ పుట్టాయా అని వెతకడం అప్పుడే మొదలుపెట్టాను.

దొమ్మరాట చూసిన తెలుగువాళ్లకు గడ ఎక్కడం వింత కాదు. వీధి మధ్యన పొడుగాటి వెదురు గడ నిలబెట్టి, చుట్టూ మోకులు బిగించి, డోలు మోగుతుంటే ఆడమనిషి చీర బిగించి కట్టుకుని పైకి ఎగబాకేది. గడ కొసన పొట్ట ఆనించి గిరగిరా తిరిగేది. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో శ్రీశైలం శివరాత్రి సంబరాలను వర్ణిస్తూ గడల మీద ఆడేవాళ్లను కూడా చూపించాడు. ఇంత పాత విద్యకు చప్పట్లు దక్కాయి గానీ గౌరవం దక్కలేదు. ఆ ఆట ఆడే కులం పేరునే తిట్టుగా వాడుకున్నారు. పోల్ డ్యాన్స్ అనగానే మొహం తిప్పుకునేవాళ్లను చూస్తే నాకు ఆ గడ మీది మనిషే గుర్తొస్తుంది. ఆమె గడకు కణుపులుండేవి, చేతికీ కాలికీ ఎక్కడో ఒకచోట ఆసరా దొరికేది. నున్నటి స్టీలు గొట్టానికి అది కూడా లేదు.

మల్లఖంబ్‌ది వేరే లెక్క. కల్యాణి చాళుక్యుల రాజు మూడో సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో కూర్చిన మానసోల్లాసంలో మల్లస్తంభం మాట ఉంది. మధ్యలో మరుగునపడిన ఆ విద్యను రెండో బాజీరావు పీష్వా కాలంలో బాలంభట్ట దాదా దేవధర్ మళ్లీ నిలబెట్టాడు. నేలలో పాతిన టేకు లేదా ఇరుగుడు స్తంభం అది. అడుగున చుట్టుకొలత అర మీటరు దాటుతుంది, పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది. ఒరిపిడి తగ్గడానికి ఆముదం పట్టిస్తారు. అంత లావు మానును ఏ పిడికిలీ పట్టలేదు. పట్టంతా తొడల్లో, చంకల్లో ఉంటుంది. కుస్తీ పట్టేవాడు ఎదుటివాడి ఒంటిని ఒడిసిపట్టడం నేర్చుకునే స్తంభం కదా, మనిషి తొడంత లావుండటంలో న్యాయం ఉంది.

చైనాలో రెండువేల ఏళ్ల కిందటి హాన్ వంశం నాటికే గడ ఎక్కే ఆటగాళ్లున్నారు. జాంగ్ హెంగ్ అనే కవి రాజధాని వినోదాల్లో వాళ్లను వర్ణించాడు. ఇప్పటి సర్కసుల్లోని చైనీస్ పోల్‌కు రబ్బరు తొడుగు ఉంటుంది. ఒరుసుకుంటే ఒళ్లు కమిలిపోతుంది కాబట్టి ఆటగాళ్లు నిండా బట్టలు కట్టుకుంటారు. స్టీలు పోల్ మీద సరిగ్గా దీనికి తలకిందులు. గుడ్డ జారుతుంది, చర్మమే పట్టుకుంటుంది. పొట్టి నిక్కరు వేసుకునేది అందుకే. ఈ ఒక్క సంగతి తెలిస్తే సగం అపోహలు పోతాయని నా నమ్మకం.

ఈనాటి పోల్ డ్యాన్స్ పుట్టింటి గురించి చెప్పుకునే కథ అమెరికాలో మొదలవుతుంది. 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో ఊరూరా తిరిగే సంతల్లో నాట్యగత్తెలు డేరా మధ్యలో ఉన్న గుంజనే ఆసరా చేసుకుని ఆడేవాళ్లట. అక్కణ్నించి క్లబ్బులకు చేరింది. 1990ల్లో కెనడాకు చెందిన ఫాన్యా మోండే లాంటివాళ్లు మామూలు ఆడవాళ్లకు పాఠాలు చెప్పడం మొదలుపెట్టారు. ఆ తొలినాళ్ల స్టూడియోల్లో ఎక్కువగా 50 మిల్లీమీటర్లే ఉండేది. రెండంగుళాల గొట్టం లావు దాదాపు అంతే. దాన్ని చేతిని చూసి కొలిచి చేశారని నాకనిపించదు, దొరికిన గొట్టాన్ని నిలబెట్టి ఉంటారు. నేలకూ పైకప్పుకూ మధ్య బిగించే పోల్ ఇళ్లకు వచ్చాక మనిషి చెయ్యి లెక్కలోకి వచ్చింది. 45, 40, 38 వచ్చాయి. 2009లో ఏర్పడ్డ అంతర్జాతీయ పోల్ క్రీడల సమాఖ్య పోటీల్లో 45 పోల్‌నే పెడుతుంది, ఒకటి కదలనిది, ఒకటి తిరిగేది.

చేతికి సన్నం నచ్చితే కాలికి లావు నచ్చుతుంది. బొటనవేలు మిగతా వేళ్లను కలిసి మూసుకుంటే పట్టు తాళం వేసినట్టు ఉంటుంది. కలవనప్పుడు ముంజేతి కండ ఒక్కటే నొక్కిపట్టాలి, అందుకే లావు పోల్ మీద ముంజెయ్యి తొందరగా అలిసిపోతుంది, మోచేతి లోపలివైపు లాగుతుంది. కానీ తొడలతో బిగించి కూర్చునే భంగిమ నాకు 50 మీదే హాయిగా కుదిరింది. లావు గొట్టానికి ఎక్కువ చర్మం ఆనుతుంది, బరువు పంచుకుపోతుంది. సన్నని పోల్ ఒకే గీత మీద కోసినట్టు నొక్కుతుంది.

అందుకని పోల్ మారినప్పుడల్లా నేను మళ్లీ మొదటి పాఠం నుంచి మొదలుపెడతాను. రెండు చేతులతో వేలాడటం, పాదాలు నేలకు జానెడు ఎత్తులో ఉంచి దిగడం, తర్వాత ఎక్కడం. ఒంటి చేత్తో తిరగడాలు వారం ఆగాల్సిందే. తలకిందులయ్యేవి ఇంకా తర్వాత, అదీ కింద మందపాటి మ్యాట్ ఉంటేనే. మన ఉక్కపోతలో చెమట మరో శత్రువు. ఎక్కేముందు పోల్‌ని స్పిరిట్‌తో తుడుస్తాను, ఆ పూట చేతులకు క్రీమ్ రాయను. బిగించే చోటు కూడా చూసుకోవాలి. సిమెంటు స్లాబయితే సరే, ఫాల్స్ సీలింగ్ ఆ ఒత్తిడికి ఆగదు.

ఇప్పుడు మా హాల్లో 45 ఉంది. మొన్న చెల్లెలు వచ్చి ముచ్చటపడి పట్టుకుంది. తన చెయ్యి నాకంటే చిన్నది, వేళ్ల మధ్య జాగా కనిపించింది. "అక్కా, జారిపోతున్నానే!" అంది. అటక మీది 40 గొట్టాలు దింపి, దుమ్ము తుడిచి, ఆదివారం పొద్దున్నే ఇద్దరం కలిసి స్లాబు కింద బిగించాం.