ఆస్టరిస్క్

మామూలు కంప్యూటర్‌ను ఆఫీసు టెలిఫోన్ ఎక్స్ఛేంజిగా మార్చే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్. ఎక్స్ఛేంజి కొనే స్తోమత లేక, అమెరికాకు చెందిన మార్క్ స్పెన్సర్ 1999లో తన చిన్న కంపెనీ కోసం దీన్ని రాసుకున్నారు. ఆ కంపెనీయే తర్వాత డిజియమ్ అయింది. 2018లో సాంగోమా దాన్ని కొన్నది.

దీనికి ప్రాణం డయల్ ప్లాన్. ఏ నంబరు నొక్కితే ఏం జరగాలో ఒక టెక్స్ట్ ఫైలులో వరుసగా రాస్తారు: 101కి కాల్ వస్తే ఆ ఫోను 20 సెకన్లు మోగాలి, ఎవరూ ఎత్తకపోతే వాయిస్ మెయిల్‌కు వెళ్లాలి. నంబరు బదులు నమూనా కూడా ఇవ్వవచ్చు. అందులో ఎక్స్ అంటే 0 నుంచి 9 వరకు ఏ అంకె అయినా, జడ్ అంటే 1 నుంచి 9 వరకు.

అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది, డయల్ ప్లాన్‌లోని విడివిడి భాగాలైన కాంటెక్స్ట్‌ల విభజన మీద. బయటి నుంచి వచ్చే కాల్స్‌కు బయటికి వెళ్లే లైన్లు అందుబాటులో ఉంచితే, అపరిచితులు ఆఫీసు ఖర్చుతో విదేశాలకు ఫోన్లు చేసుకోగలరు. డయల్ ప్లాన్‌లో చేసిన మార్పులు రీలోడ్ ఆదేశంతో అమల్లోకి వస్తాయి, సర్వర్‌ను ఆపనక్కర్లేదు.