జరుగకుండ ఆగిన రెండు యుద్ధములు

సంఘ చరిత్ర వ్రాయువారు కట్టిన ఆలయములను, నడిపిన పాఠశాలలను లెక్కింతురు. దేశ చరిత్ర వ్రాయువారు జరిగిన యుద్ధములను లెక్కింతురు. జరుగకుండ ఆగిపోయిన యుద్ధములకు లెక్క వ్రాసినవారు తక్కువ. ఈ శతజయంతి సంచికలో అట్టి రెండింటిని గూర్చి సంఘస్థుల యెదుట ఉంచవలెనని నాకు తోచినది. రెండును అర్జెంటీనా, చిలీ దేశముల నడుమ జరుగవలసినవే.

ఆ రెండు దేశముల మధ్య ఆండీస్ పర్వతములు గోడవలె నిలిచియున్నవి. 1881 నాటి ఒడంబడిక ప్రకారము, ఎత్తైన శిఖరముల వెంబడి, నీరు ఇరువైపులకు చీలు చోటు సరిహద్దు. వినుటకు సులభమే. కాని దక్షిణమున శిఖరములు ఒకచోట, నీరు చీలు చోటు మరియొకచోట ఉన్నవి! మన పల్లెలలో పొలము గట్టు తగాదా ఎట్లు ముదురునో ఎరిగినవారికి తక్కిన కథ చెప్పనక్కరలేదు. ఇరుపక్షములవారును యూరపులో యుద్ధనౌకలు కట్టించుకొనసాగిరి.

1902 మే నెలలో వారు ఆగిరి. ఆయుధములు తగ్గించుకొనుటకు ఒప్పుకొని, కట్టించుచున్న పెద్ద నౌకలను వదలుకొనిరి. సరిహద్దు తీర్పు బ్రిటిషు రాజు చేతిలో ఉండెను. ఆ కొండలను స్వయముగా చూచుటకు వెళ్లిన అధికారి థామస్ హోల్డిచ్, అంతకుముందు మన దేశపు వాయవ్య సరిహద్దులలో సర్వే పని చేసినవాడే. అదే సంవత్సరము నవంబరులో తీర్పు వెలువడగా ఇరువురును అంగీకరించిరి.

1904 మార్చి 13న, సుమారు 12,500 అడుగుల ఎత్తున, సరిహద్దు కనుమమీద క్రీస్తు కంచు విగ్రహమును ప్రతిష్ఠించిరి. దాని భాగములను కంచరగాడిదలమీద పైకి చేర్చిరి. దానిని అక్కడనే నిలుపవలెనని పట్టుపట్టినది ఆంజెలా దె ఒలివెయిరా సెసార్ అను స్త్రీ. మన స్త్రీల మైత్రి సభ్యులు ఈ సంగతి గమనింతురు గాక. అయితే ఆ విగ్రహమే యుద్ధమును ఆపినదని ప్రసంగములలో చెప్పుట నేను విన్నాను. అది సరికాదు. ఒప్పందము ముందు, విగ్రహము తరువాత. ఇంకొక మాట కూడ దాచరాదు. అర్జెంటీనా వదలుకొన్న రెండు నౌకలను జపాను కొనుక్కొని, రష్యాతో యుద్ధమునకు నడిపించెను.

రెండవ సంగతి మనలో పలువురికి జ్ఞాపకమున్న కాలములోనిదే. ఖండము దక్షిణపు కొనలో బీగిల్ జలసంధి వద్ద పిక్టన్, లెన్నాక్స్, నువేవా అను మూడు చిన్న దీవులు గలవు. 1977లో మధ్యవర్తుల తీర్పు వాటిని చిలీకి ఇచ్చెను. 1978 జనవరిలో అర్జెంటీనా ఆ తీర్పు చెల్లదనెను. రెండుచోట్లను సైనికాధికారులే పాలకులు. డిసెంబరు 22న దాడికి అర్జెంటీనా నౌకలు బయలుదేరెను. సముద్రములో తుపాను వారిని ఆలస్యపరచెను. ఆ వ్యవధిలోనే, ఎన్నికై రెండు నెలలు గడచిన రెండవ జాన్ పాల్ పోపు తన దూతను పంపుదుననగా, సైన్యము వెనుకకు మళ్లెను.

మన సంఘము పోపు అధికారము క్రింద లేదు. అయినను ఆ దూత, 73 ఏండ్ల కార్డినల్ ఆంతోనియో సమోరే చేసిన పని బోధకులందరును చదువదగినది. ఆయన దీవులు ఎవరివని మొదట అడుగలేదు. బలప్రయోగము చేయమని వ్రాసి ఇండు, సేనలను పూర్వస్థితికి తీసికొనిపొండు అని అడిగెను. ఈ రాజధానినుండి ఆ రాజధానికి తిరుగుచు, ఎవరి మాట వారివద్ద విని, 1979 జనవరి 8న మాంటెవీడియో నగరమున ఇరువురిచేత సంతకము చేయించెను. దీవుల మాట తేలుటకు ఇంకను దాదాపు ఆరేండ్లు పట్టెను. 1980లో పోపు చేసిన ప్రతిపాదనను చిలీ అంగీకరించెను, అర్జెంటీనా బదులు చెప్పక నాన్చెను. చివరకు 1984 నవంబరులో అర్జెంటీనా ప్రజలు ఓటు వేసి, నూటికి 80 మందికి పైగా ఒప్పందమునకు సమ్మతించిరి. దీవులు చిలీకి చెందెను, అట్లాంటిక్ వైపు సముద్రముపై హక్కు చాలవరకు అర్జెంటీనాకు మిగిలెను.

ఈ చరిత్రలో నన్ను కలవరపరచునది ఒకటున్నది. పొరుగువానితో యుద్ధము మానిన ఆ అర్జెంటీనా పాలకులే స్వదేశమున వేలమందిని మాయము చేసిరి. 1984లో విచారణ సంఘము దాదాపు 9,000 మంది వివరములు నమోదు చేసెను. అక్కడి బిషప్పులలో అనేకులు నోరు మెదపలేదు. ఆ పాలకులే 1982లో ఫాక్‌లాండ్ దీవులకై బ్రిటనుతో యుద్ధమునకు దిగగా 900 మందికి పైగా చనిపోయిరి. సరిహద్దులో సంతకము పెట్టించుట ఒక పని, ఇంటిలో ఏడ్చుచున్న తల్లి పక్షమున మాటలాడుట మరియొక పని. కొండమీది ప్రసంగములో ప్రభువు సమాధానపరచువారిని గూర్చి పలికినప్పుడు ఈ రెండింటిని వేరుచేసినట్లు నాకు కనబడదు.

సమోరే ఒప్పందమును చూడలేదు. 1983 ఫిబ్రవరిలోనే మరణించెను. ఆండీస్‌లో ఇరుదేశములను కలుపు ఒక కనుమకు ఆయన పేరు పెట్టిరి. దాని గుండా నేటికిని బస్సులు, సరకుల లారీలు ఇటునటు వెళ్లుచున్నవి.