మడత కుర్చీ – మోసిన భుజం

చిత్తూరులో పాత సామాన్ల అంగట్లో ఒక మడత కుర్చీ చూశాను. చెక్క చట్రం, ఇత్తడి మరలు, తోలు పట్టీలు. దొరల కాలం నాటిదని అంగడాయన గొప్పగా చెప్పాడు.

ఆ కాలం ఎటువంటిది? 1800లో నిజాం దత్తమండలాలను కంపెనీకి ఒప్పగించాడు. మదనపల్లె ప్రాంతం అందులోదే. మరుసటి ఏడాది ఆర్కాటు నవాబు రాజ్యంతో పాటు చిత్తూరు సీమ కూడా కంపెనీ చేతికి చిక్కింది. పాలెగాళ్లను అణచడానికి సైన్యం కదిలింది. దత్తమండలాల్లో శిస్తు నిర్ణయించడానికి కలెక్టరు మన్రో 1807 దాకా డేరాలు వేసుకుంటూ ఊరూరా తిరిగాడు. పాలన ఇంకా కుదురుకోలేదు. అందుకే దొరల బల్ల, కుర్చీ, మంచం అన్నీ ఊడదీసి ఎద్దుల మీద కట్టేందుకు వీలుగా ఉండేవి.

విప్పితే పెట్టెలో ఇమిడే మంచం చేసిన వడ్రంగి పనితనం మెచ్చదగిందే. కాని మోసిందెవరు? దొర మకాం మారితే బండ్లూ కూలీలూ ఊరే సమకూర్చాలి. ఆ బరువు చివరికి వెట్టివాడి భుజం మీదికే వచ్చేది. 1950లో రాజ్యాంగం వెట్టిని నిషేధించింది. అయినా 1976లో వెట్టిచాకిరీ రద్దుకు వేరే చట్టం అవసరమైంది.

కుర్చీలో కూర్చున్నవారి పేర్లు గెజిటీర్లలో ఉన్నాయి. మోసినవారి పేర్లు లేవు. ఆ కుర్చీ గురించి రాసేటప్పుడు మనం మొదలుపెట్టవలసింది అక్కడినుంచే.