బాపు వ్రాత – అచ్చు అక్షరము

తెలుగు లిపి చేతిలో పెరిగిన లిపి. తాటాకుపై గంటము నడచిన కాలమున నిలువు గీతకంటె వంపే క్షేమకరము. ఆకు చీలకుండుటకే మన అక్షరములు గుండ్రనైనవని పెక్కుమంది చెప్పుదురు. 1746 ప్రాంతమున జర్మనీలోని హాలే పట్టణమున బెంజమిన్ షుల్జ్ తెలుగు గ్రంథములను అచ్చొత్తించిన నాటికే ఆ వంపులు లోహమున బిగిసినవి. అచ్చు అక్షరమునకు పొరుగు అక్షరముతో పనిలేదు. ఏ మాటలో వచ్చినను ‘క’ ఒకటే ‘క’.

పుట నిండ చదువుటకు ఈ సమత మేలే. పుస్తకపు పేరునకు మాత్రము చాలలేదు. చిత్రకారుడు పేరును కుంచెతో వ్రాయగా, దానిని జింకు బ్లాకుగా చెక్కించి ముఖపత్రమున వేయుట వాడుకయైనది. అచ్చు వెలివేసిన చేతివ్రాత అచ్చుయంత్రములోనికే దొడ్డిదారిన వచ్చినదన్నమాట.

ఈ దారిని రాజమార్గము చేసినవాడు బాపు (1933–2014). నరసాపురమున పుట్టి, మదరాసులో న్యాయశాస్త్రము చదివి, 1955లో ఆంధ్రపత్రికలో వ్యంగ్యచిత్రకారుడుగా చేరిన సత్తిరాజు లక్ష్మీనారాయణ బొమ్మనెంత గీసెనో అక్షరమునంత గీసెను. ముళ్లపూడి వెంకటరమణ ‘బుడుగు’ చేతికందగానే పాఠకుడు మొదట చూచునది ఆ వ్రాతనే. అది అలంకారపు వ్రాత కాదు. ఎదుట కూర్చున్నవాడు మాటలాడుచు చీటిపై గీచినట్లుండును. కలము ఎక్కడ ఒత్తినదో, ఎక్కడ తేలిపోయినదో కనబడును. తొందరలో వ్రాసినట్లు తోచు ఆ తీరు వెనుక ఎంత సాధన యున్నదో అనుకరింపబోయినవారికే తెలియును.

కంప్యూటరు వచ్చిన పిదప ఆ వ్రాత ఫాంటైనది. పెండ్లి శుభలేఖలు, దుకాణపు పలకలు, పుస్తకముల అట్టలు దానిని అందిపుచ్చుకొన్నవి. చిత్రకారునికి ప్రతిఫలమీయజాలని చిన్న ప్రచురణకర్తకు అది నిజముగా ఉపకారమే. కాని నవలకు, నగల దుకాణమునకు ఒకే ముఖము వచ్చినది. కథ నెరిగి దాని పేరు వ్రాయు మనిషి నడుమనుండి తప్పుకొనెను. రచయితలు ఈ నష్టమును తగినంత గమనించినట్లు లేదు.

చిక్కు అక్షరములోనే కలదు. వత్తును ఎంత జరుపవలెనో, గుడిని ఎంత వంచవలెనో చేయి అప్పటికప్పుడు తేల్చుకొనును. ఫాంటు కూర్చువాడు వందలకొలది కలయికలను ముందే తీర్చి యుంచవలెను. వానిలో కొన్ని ఆ చిత్రకారుడు ఎన్నడును వ్రాయనివి కావచ్చును. ‘అమ్మమ్మ’ యను మాటను చేతితో వ్రాసిన రెండు ‘మ్మ’లు కవలలు కావు. ఫాంటులో అవి అచ్చముగా ఒకటే. అక్కడనే గుట్టు బయటపడును. రోమను లిపికి ఒక్కొక్క అక్షరమునకు రెండు మూడు రూపములు చేర్చి, అవి వంతులవారీగా వచ్చునట్లు ఏర్పాటు చేసిన ఫాంటులు కలవు. తెలుగున అట్లు చేయవలెనన్న, గుణింతములతో వత్తులతో ఆ పని రెండింతలు మూడింతలగును.