ఇది ఏ పాము? – విశాఖతీరంలో శాస్త్రీయ రూపం దాల్చిన ఒక ప్రశ్న

సంధ్యవేళ గడ్డివామి ప్రక్కనో, పెరటిలో పేర్చిన కట్టెల సందునో ఒక పాము కనబడుతుంది. ఇంటివారు కేకవేస్తారు. ఇరుగుపొరుగు చేరుతారు. ఒకరు అది త్రాచు అంటారు. మరొకరు కాదు, జెర్రిపోతు అంటారు. ఇంకొకరు పాము ఏదైతేనేమి, పాము పామే అని కర్ర అందుకొంటారు. కొద్ది నిమిషాలలో పాము చస్తుంది. అది ఏ పామో మాత్రం తేలదు.

భారతదేశంలో మూడు వందలకు పైగా పాముజాతులు ఉన్నవి. వీటిలో అధికభాగం మనిషికి ప్రాణహాని చేయలేనివే. ఇండ్లవద్దను, పొలాలలోను ఎక్కువ ప్రాణాలు తీస్తున్నవిగా చెప్పబడేవి నాలుగు: త్రాచు అనబడే నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పొడపాము. ఈ కొద్దిపాటి విషసర్పాలను తక్కిన వాటినుండి వేరుచేసి గుర్తించడం ఎట్లా? ఈ ప్రశ్నకు శాస్త్రీయమైన సమాధానం వెదకిన తొలి ప్రయత్నాలలో ఒకటి తెలుగు గడ్డమీదనే, విశాఖపట్నంలో జరిగినది.

విశాఖపట్నానికి వచ్చిన వైద్యుడు

పాట్రిక్ రస్సెల్ స్కాట్లండు దేశపు వైద్యుడు. సిరియాలోని అలెప్పో నగరంలో చాలకాలం వైద్యం చేసి, అక్కడ ప్లేగు వ్యాధిని ప్రత్యక్షంగా పరిశీలించినవాడు. 1781లో అతని సోదరుడు క్లాడ్ రస్సెల్ ఈస్టిండియా కంపెనీ పక్షాన విశాఖపట్నం పాలనాధికారిగా నియమింపబడగా, అతనితోపాటు పాట్రిక్ కూడ ఇచ్చటికి వచ్చినాడు. అప్పటికి కంపెనీ ప్రకృతిశాస్త్రజ్ఞుడుగా ఉన్న కోనిగ్ 1785లో మరణించగా ఆ పదవి రస్సెల్‌కు లభించినది. చెట్లు, చేపలు, పాములు – అన్నిటిమీదను అతని దృష్టి ప్రసరించినది. విశాఖపట్నంలో సేకరించిన రెండువందల చేపలను గురించి అతడు వ్రాసిన గ్రంథం 1803లో వెలువడినది.

అయితే పాముల విషయం కేవలం కుతూహలానికి సంబంధించినది కాదు. పాముకాటు వలన కంపెనీ సిపాయిలు, రైతులు, కూలీలు మరణిస్తూ ఉండేవారు. విషసర్పమేదో, కానిదేదో సామాన్యులు కూడ తెలుసుకొనగల మార్గం కావలసివచ్చినది. రస్సెల్ కోరమాండల్ తీరంలో పాములను సేకరించినాడు. వాటి రూపాన్ని, పొలుసులను, కోరలను పరీక్షించినాడు. కుక్కలపైన, కోళ్ళపైన వాటి కాటు ప్రభావాన్ని గమనించినాడు. 1789లో అతడు స్వదేశానికి తిరిగి వెళ్ళినాడు. 1796లో కంపెనీ డైరెక్టర్ల ఉత్తరువుపై, రంగులద్దిన చిత్రఫలకాలతో అతని సర్పగ్రంథం మొదటి సంపుటం లండనులో అచ్చయినది. రెండవ సంపుటం 1801 మొదలుకొని 1809 వరకు భాగాలుగా వెలువడినది. ఆ చివరి భాగాలు చూడక మునుపే, 1805లో, రస్సెల్ మరణించినాడు.

పల్లెవాసుల పేర్లు – శాస్త్రజ్ఞుల పేర్లు

రస్సెల్ గ్రంథంలో తెలుగువారికి ఆసక్తి కలిగించే విశేషం ఒకటి ఉన్నది. అతడు అనేక పాములను ఇచ్చటి ప్రజలు పిలిచే పేర్లతోనే పేర్కొన్నాడు. పసుపు, నలుపు పట్టెలు గల ఒక పాముకు అతడు విన్న పేరు బంగారు పాము. 1803లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దోదాఁ ఈ మాటనే తీసికొని ఆ పాములు చేరిన ప్రజాతికి బంగారస్ అని నామకరణం చేసినాడు. మన కట్లపాము కూడ ఆ ప్రజాతిలోనిదే. ఈనాడు ప్రపంచంలో ఏ భాషలో జంతుశాస్త్రం చదివేవారైనను ఆ పామును బంగారస్ అనియే వ్యవహరిస్తారు.

రక్తపింజరికి రస్సెల్ వ్రాసికొన్న పేరు కాటుక రేకుల పొడ. ఎంత చక్కని వర్ణన! ఆ పాము వీపుమీద మూడు వరుసలలో గొలుసువలె సాగే గోధుమవన్నె మచ్చలు ఉంటవి. ప్రతి మచ్చ చుట్టును కాటుక దిద్దినట్లు నల్లని అంచు ఉంటుంది. ఈ పేరు పెట్టినవాడు పామును నిదానించి చూచినవాడు. 1797లో ఈ పాముకు శాస్త్రీయనామం ఏర్పడినప్పుడు దానిలో రస్సెల్ పేరు చేరినది. నేడు దానిని డబోయా రస్సెలీ అంటున్నారు.

అయితే ఈ పేర్లలోనే ఒక చిక్కు కూడ దాగి ఉన్నది. పొడ అంటే మచ్చ. కాటుక రేకుల పొడ ప్రాణాంతకమైన పాము. కాని రస్సెల్ నమోదు చేసిన పేర్లలో పెద్ద పొడ కూడ ఉన్నది. అది విషమే లేని కొండచిలువ. మచ్చలను బట్టి పెట్టిన పేరు రెండింటినీ ఒక్క కుటుంబంవలె చూపుతుంది. పల్లెవాసి కన్ను రూపాన్ని తప్పక పట్టగలదు; ఆ రూపం వెనుక విషం ఉన్నదో లేదో పేరు మాత్రం చెప్పజాలదు. అందుచేత రంగుకంటె, మచ్చకంటె లోతైన గుర్తు ఒకటి కావలసివచ్చినది. ఆ గుర్తు నోటిలో ఉన్నది. విషసర్పానికి పై దవడ ముందుభాగంలో, విషగ్రంథితో సంబంధం కలిగి, గాడిగాని నాళంగాని గల కోరలు ఉంటవి. రక్తపింజరి కోరలు పొడవైనవి. వాడనప్పుడు వెనుకకు మడిచి ఉంచబడుతవి. త్రాచు, కట్లపాముల కోరలు పొట్టివి, కదలనివి. రస్సెల్ తన గ్రంథంలో ఈ కోరల పరీక్షకు ప్రాధాన్యమిచ్చినాడు.

మందుకు దక్కిన పేరు

పామును గుర్తించడం ఎందుకు ముఖ్యమో తెలుసుకొనుటకు ఆ కాలపు మందుల కథ ఉపకరిస్తుంది. తంజావూరు మాత్ర అనే ఔషధానికి పాముకాటు విరుగుడుగా గొప్ప పేరుండేది. రస్సెల్ దానిని పరిశీలించగా అందులో పాషాణం కలిసి ఉన్నట్లు తెలిసినది. పాషాణమే ఒక విషం. మరి అటువంటి మాత్రకు అంత పేరెట్లు వచ్చినది?

కారణం ఆలోచిస్తే సులభమే. నీరుకట్టు పామో, జెర్రిపోతో కరిచినవానికి మాత్ర మింగించినా, మంత్రం వేసినా, ఏమీ చేయకున్నా అతడు బ్రతుకుతాడు. విషసర్పం కరిచినప్పుడు సైతం ఒక్కొక్కసారి విషం లోనికి పోదు. కాని బ్రతికిన ప్రతివాడును మందు మహిమకు సాక్షిగా నిలుస్తాడు; చనిపోయినవానికి ఆయువు తీరినది అంటారు. కరిచినది ఏ పామో తెలియనంతకాలం ఏ మందు మంచిదో, ఏది వ్యర్థమో తేల్చడం సాధ్యం కాదు. పాముకు సరియైన పేరు పెట్టడం వైద్యానికి మొదటి మెట్టు.

ఆ మెట్టుమీద తరువాతి తరాలవారు నడిచినారు. 1864లో గుంథర్ భారతదేశపు సరీసృపాలపై గొప్ప గ్రంథం ప్రకటించినాడు. 1872లో జోసెఫ్ ఫేరర్ అనే వైద్యుడు విషసర్పాలను గురించి పెద్ద చిత్రాలతో మరొక గ్రంథం వెలువరించినాడు. ఆ చిత్రాలు వ్రాసినవారు కలకత్తా చిత్రకళా పాఠశాల విద్యార్థులు. ప్రచారంలో ఉన్న విరుగుడులను ఫేరర్ పరీక్షించి, నమ్మదగినది ఒక్కటైనా లేదని చూపినాడు.

1894–95 సంవత్సరాలలో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కాల్మెట్ ప్రతివిష సీరం సిద్ధం చేయడంతో పరిస్థితి మారినది. త్రాచు విషాన్ని గుర్రానికి కొద్దికొద్దిగా ఎక్కించి, ఆ గుర్రపు రక్తంనుండి తీసిన సీరం కాటుతిన్నవానికి ఇవ్వడం ఈ పద్ధతి. ఒకే సీరం అన్ని పాములకు పనిచేస్తుందని మొదట భావించినారు. కాని 20వ శతాబ్దపు తొలి సంవత్సరాలలో భారతదేశంలో జార్జి లాంబ్ చేసిన ప్రయోగాలు అది నిజం కాదని తేల్చినవి. త్రాచు విషానికి చేసిన సీరం రక్తపింజరి విషాన్ని విరచజాలదు. త్రాచు, కట్లపాముల విషం నరాలను పట్టి ఊపిరిని ఆపుతుంది. రక్తపింజరి విషం రక్తం గడ్డకట్టే గుణాన్ని చెడగొట్టి, మూత్రపిండాలకు హాని చేస్తుంది. ఏ పాము అన్న ప్రశ్నకు ఇప్పుడు ప్రాణం వెల కట్టవలసివచ్చినది.

పొలుసుల లెక్క

ఈ అవసరానికి సమాధానంగా ఫ్రాంక్ వాల్ అనే సైనిక వైద్యుడు ఒక చిన్న పుస్తకం సిద్ధం చేసినాడు. బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘం దానిని 1907లో ప్రచురించినది. రంగు వయస్సుతో మారుతుంది, పొడవు చెప్పలేము, కాని పొలుసుల అమరిక మారదు. ఆ అమరికనే వాల్ ఆధారం చేసికొన్నాడు.

అతని క్రమం ఇట్లు ఉన్నది. తోక ప్రక్కలనుండి నొక్కినట్లు తెడ్డువలె ఉంటే అది సముద్రసర్పం, విషసర్పమే. తోక గుండ్రంగా ఉంటే పొట్టను చూడవలెను. పొట్టక్రింది పలకలు ఆ అంచునుండి ఈ అంచువరకు పూర్తిగా వ్యాపించి, తలపైన అంతటా సన్నని పొలుసులే ఉంటే రక్తపింజరి, చిన్న పొడపాముల వర్గం. కంటికి ముక్కురంధ్రానికి నడుమ గుంట ఉంటే గుంటపింజరుల వర్గం. వెన్నుమీది నడిమి వరుస పొలుసులు పెద్దవై ఆరుకోణాలతో ఉండి, క్రిందిపెదవి పలకలలో నాల్గవది అన్నిటికంటె పెద్దదైతే కట్లపాముల వర్గం. పైపెదవి మూడవ పలక ఇటు కంటిని, అటు ముక్కుపలకను తాకుతూ ఉంటే త్రాచుల వర్గం. ఒక శతాబ్దం గడచినను ఈ క్రమాన్ని జంతుశాస్త్ర విద్యార్థులు నేటికీ నేర్చుకొంటున్నారు.

ఇది ప్రయోగశాలలో సీసాలో భద్రపరచిన పాములకు చేయదగిన పరీక్ష. బ్రతికి ఉన్న పాముకు గాని, అప్పుడే చంపిన పాముకు గాని చేయరాదు. చచ్చినదనుకొన్న పాము, తెగిపడిన తల కూడ, కరవగలవు.

ఇంటిలో పొరపాటు

ఇండ్లవద్ద ఎక్కువ ప్రమాదం తెచ్చే పొరపాటు కట్లపాము విషయంలో జరుగుతుంది. లైకోడాన్ ఆలికస్ అనే చిన్న పాము బల్లులకోసం ఇండ్లలో దూరుతుంది. దానికి విషం లేదు. గోధుమరంగు దేహంపై తెల్లని పట్టెలుంటవి. కట్లపాము నల్లగా నిగనిగలాడుతూ, తెల్లని సన్నని పట్టెలతో ఉంటుంది. మొదటిదానికి పట్టెలు మెడవద్దనే మొదలై, ముందుభాగంలో వెడల్పుగా ఉండి, తోకవైపు మాసిపోతవి. కట్లపాముకు పట్టెలు తరచుగా జంటలుగా ఉండి, ముందుభాగంలో అస్పష్టంగాను, తోకవైపు స్పష్టంగాను కనబడుతవి. ముదిరిన కట్లపాముకు కొన్నిసార్లు పట్టెలు దాదాపు కనబడవు కూడ.

కట్లపాము పగలు మందకొడిగా ఉంటుంది. దానిని చూచి సాధువని తలచినవాడు మోసపోతాడు. రాత్రి అది చురుకుగా సంచరిస్తుంది. నేలపై నిద్రించేవారిని కరుస్తుంది. కాటు గుర్తు, నొప్పి, వాపు అంతగా తెలియవు. తెల్లవారుసరికి కడుపునొప్పి, రెప్పలు వాలిపోవడం, మాట తడబడడం కనబడుతవి. అందుచేత ఏ పామో చెప్పలేనప్పుడు విషసర్పమనియే భావించి మెలగడం క్షేమం.

అదేవిధంగా త్రాచు ఎల్లప్పుడూ పడగ విప్పి ఉండదు, బెదిరినప్పుడే విప్పుతుంది. పడగ లేదు కనుక జెర్రిపోతే అని దగ్గరకు పోరాదు. త్రికోణపు తల ఉన్నదే విషసర్పమన్న మాట కూడ నిలువదు. త్రాచుకు, కట్లపాముకు అట్టి తల లేదు.

నేటి కర్తవ్యం

వాల్ కాలానికి, ఈ కాలానికి ఒక ముఖ్యమైన భేదం ఉన్నది. నేడు భారతదేశంలో లభించే ప్రతివిష సీరం పైన చెప్పిన నాలుగు పాముల విషాలకు కలిపి తయారుచేసినది. వైద్యుడు రోగి లక్షణాలను, రక్తపరీక్షను బట్టి చికిత్స చేస్తాడు. కనుక పామును చంపి ఆసుపత్రికి తీసికొనిపోవలసిన పని లేదు. ఆ వెదకులాటలో పోయే కాలమే ప్రాణానికి ముప్పు. కాటుతిన్నవానిని కదలనీయక పడుకోబెట్టి, ఉంగరాలు, కడియాలు తీసివేసి, సీరం దొరికే ఆసుపత్రికి వెంటనే చేర్చవలెను. గట్టిగా కట్టుకట్టడం, గాటుపెట్టడం, నోటితో పీల్చడం హానికరం.

2020లో ప్రకటింపబడిన ఒక పరిశోధన ప్రకారం 2000 నుండి 2019 వరకు మనదేశంలో పాముకాటు వలన సుమారు 12 లక్షలమంది మరణించినారు. అంటే ఏటా సగటున 58,000 మంది. మరణాలు అధికంగా ఉన్న ప్రాంతాలలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కూడ చేరి ఉన్నవి. 2030 నాటికి ఈ మరణాలను సగానికి తగ్గించే లక్ష్యంతో 2024లో జాతీయ కార్యాచరణ ప్రణాళిక ప్రారంభింపబడినది.

మరి పామును గుర్తించే విద్యకు ఇక ప్రయోజనం లేదా? తప్పక ఉన్నది; కాని దాని స్థానం కాటు తరువాత కాదు, కాటుకు ముందు. ఊరిచుట్టూ ఏ పాములు తిరుగుతవో, అవి ఏ వేళ, ఏ చోట ఉంటవో తెలిసినవాడు రాత్రి దీపం లేక నడవడు, నేలపై దోమతెర లేక పడుకొనడు, కట్టెలమోపులో చేయి పెట్టడు. ఎలుకలను తిని ధాన్యాన్ని కాపాడే జెర్రిపోతును కర్రతో కొట్టడు. ఇంటిలో పాము దూరితే దూరంగా నిలిచి, కనిపెట్టి ఉండి, అటవీశాఖవారినో, శిక్షణ పొందినవారినో పిలుస్తాడు.

పాఠశాలలో ఉపాధ్యాయుడు నాలుగు విషసర్పాల చిత్రాలను, వాటిని పోలిన విషరహితసర్పాల చిత్రాలను ప్రక్కప్రక్కన గోడకు తగిలించవచ్చును. ఆ ఊరి పెద్దలు వాటిని ఏ పేర్లతో పిలుస్తారో విద్యార్థులచేత అడిగించి చిత్రాల క్రింద వ్రాయించవచ్చును. రెండు శతాబ్దాల క్రిందట విశాఖపట్నంలో ఒక వైద్యుడు చేసిన పని కూడ అట్లే మొదలైనది. కాటుక రేకుల పొడ అని ఎవరో చెప్పినప్పుడు, అతడు ఆ మాటను శ్రద్ధగా విని వ్రాసికొన్నాడు.